ముంగిలికి, లోగదికి నడుమ

(సంఘ వార్షికోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



ఈనాడు ప్రభుత్వోద్యోగి యింట కంప్యూటరు తెర యెదుట కూర్చుండి దరఖాస్తు పంపనివారు అరుదు. పిల్లల పరీక్ష రుసుము, రైలు టిక్కెట్టు, వైద్య ఖర్చుల బిల్లు, పెన్షనుదారులు ఏటేట నవంబరు నెలలో పంపు జీవన ధ్రువపత్రము, అన్నియు ఆ తెర మీదుగనే సాగుచున్నవి. వివరములన్నియు నింపి మీట నొక్కినంతనే చిన్న చక్రమొకటి తిరుగ నారంభించును. ఒక్కొక్కప్పుడది ఆగక తిరుగుచునే యుండును. అప్పుడు తెరముందున్న మనిషికి కలుగు సందేహము ఒక్కటే. దరఖాస్తు చేరినదా, లేదా? మరల నొక్కవలెనా, వద్దా? నొక్కినచో రుసుము రెండుమారులు పోవునేమో. నొక్కకున్న గడువు దాటిపోవునేమో.

ఇట్టి వెబ్‌సైట్లు నిర్మించు వృత్తిలో తెలుగు బిడ్డలు హైదరాబాదులోను, బెంగుళూరులోను, అమెరికాలోను పెక్కుమంది కలరు. కారణమేమని వారినడిగినచో ఒకరు "ఫ్రంటెండు తప్పు" అందురు. మరియొకరు "బ్యాకెండు తప్పు" అందురు. ఇద్దరును తమ తమ భాగమును పరీక్షించి చూపుదురు; రెండును చక్కగనే పనిచేయుచుండును. అయినను దరఖాస్తు చేరదు. వింతగా తోచు ఈ సంగతి ఆ వృత్తిలో నిత్యకృత్యము. తప్పు తరచుగా ముంగిలిలోను ఉండదు, లోగదిలోను ఉండదు. రెండింటి నడుమ నున్న దారిలో ఉండును. ఆ దారిని గూర్చియే ఈ ప్రసంగము.

ఫ్రంటెండనగా పౌరుని బ్రౌజరులో కనిపించు పుట. పేరు వ్రాయు గడులు, మీటలు, హెచ్చరికలు. బ్యాకెండనగా ఎక్కడనో దూరమున నున్న సర్వరు. లెక్కలు చూచి, హక్కులు పరిశీలించి, డేటాబేసను రికార్డుగదిలో వివరములు దాచునది అదియే. కచేరీలలో పనిచేయువారికి కౌంటరును, రికార్డుగదిని పోల్చి చెప్పిన చాలును.

ఈ రెండును మొదటినుండి వేరుగా లేవు. 1989లో జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్ లీ ప్రతిపాదించిన వెబ్బు, ప్రధానముగా పుటలను పంపు సాధనము. చదువరి కోరిన పుటను సర్వరే పూర్తిగా వండి వడ్డించెడిది. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్టు భాషను కల్పించిన పిదప పుటకు కొంత స్వయంబుద్ధి అబ్బినది. 1999లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 5వ కూర్పుతో, పుట మారకుండగనే చాటున సర్వరుతో మాటలాడు ఉపాయము వెలువడినది. 2005లో జెస్సీ జేమ్స్ గారెట్ ఆ పద్ధతికి అజాక్స్ అని పేరుంచినారు. అటుపిమ్మట సర్వరు క్రమముగా వంట మాని దినుసులు మాత్రము పంపసాగినది. వంట బ్రౌజరులోనే జరుగుచున్నది. జేసన్ అనునది ఆ దినుసులను మూటగట్టు ఒక తీరు.

ఉమ్మడి కుటుంబమున అన్నదమ్ములు కలిసియున్నన్ని దినములు ఎవరికేమి ఇచ్చినదియు కాగితముపై వ్రాయవలసిన పని లేదు. వేరు కాపురములు పెట్టిన తరువాతనే రాతకోతలు వచ్చును. ఫ్రంటెండు, బ్యాకెండు వేరుపడుటయు అట్టిదే. నేడు రెండింటిని వేరువేరు మనుష్యులు, వేరువేరు యంత్రములపై, ఒక్కొక్కప్పుడు వేరువేరు ఊళ్ళలో నిర్మించుచున్నారు. రాతకోతలు సరిగా లేనిచోట తగవులు తప్పవు.

అన్నిటికన్న సామాన్యమైనది చిరునామా పొరపాటు. ప్రతి కంప్యూటరును తన్ను తాను 127.0.0.1 అను అంకెతో పిలుచుకొనును. దానికే లోకల్‌హోస్టు అని పేరు. వ్యాకరణము నెరిగినవారు దీనిని 'నేను' అను సర్వనామముగా గ్రహింపవచ్చును. ఎవరు పలికిన వారికే చెందును. నిర్మాత తన బల్లమీద ఫ్రంటెండును, బ్యాకెండును ఒకే యంత్రమునం దుంచుకొని, సర్వరు చిరునామా వ్రాయవలసిన చోట ఈ సర్వనామమును వ్రాయును. అతని యొద్ద అన్నియు పనిచేయును. ఆ పుట గుంటూరులోని పౌరుని బ్రౌజరును చేరినప్పుడు, అది సర్వరును ఆ పౌరుని కంప్యూటరులోనే వెదకును! అక్కడ ఏమియు నుండదు. "నా యంత్రముపై పనిచేసినది" అను నిర్మాత మాట అబద్ధము కాదు. కాని పౌరునకు దానివలన ప్రయోజనము లేదు. పోర్టు సంగతియు ఇట్టిదే. ఒకే భవనమునకు అనేక ద్వారము లున్నట్లు ఒక యంత్రమునకు పోర్టులు కలవు. సాధారణ వెబ్బు రాకపోకలకు 80వది, రహస్యలిపితో నడచువానికి 443వది వాడుక. నిర్మాణ దశలో ఫ్రంటెండు 3000 మీదను, బ్యాకెండు 8000 మీదను ఉండుట పరిపాటి. ద్వారము తప్పిన, భవనము సరియైనదైనను పలుకువారుండరు.

ఇక రెండవది, కొత్తవారిని కంటనీరు పెట్టించునది, అనుమతి సమస్య. ఇది కొంచెము ఓపికతో వినదగినది. ఏలయన దీనికి చేయు వైద్యములలో రోగముకంటె చెడ్డవి కలవు.

ఒక గృహస్థు తన బ్యాంకు వెబ్‌సైటులో ప్రవేశించినాడనుకొనుడు. అతడెవరో గుర్తుంచుకొనుటకు బ్యాంకు అతని బ్రౌజరులో కుకీ అను చిన్న చీటీ నుంచును. 1994లో నెట్‌స్కేప్‌లోనే లూ మాంటుల్లీ ఈ చీటీని కల్పించినారు. తరువాత బ్యాంకునకు పోవు ప్రతి కోరికతోను బ్రౌజరు ఆ చీటీని జతపరచును. ఆ గృహస్థే అదే బ్రౌజరులో మరియొక కిటికీ తెరచి, దుష్టుడెవడో నిర్మించిన పుటను చూచుచుండవచ్చును. ఆ పుటలోని జావాస్క్రిప్టు చాటుగా బ్యాంకును "ఇతని నిలువ యెంత?" అని యడిగి జవాబు చదువగలిగినచో గతి యేమి? అందుచేత బ్రౌజరు ఒక కట్టుబాటు పాటించును. ఒక మూలమునుండి వచ్చిన పుట, వేరొక మూలము ఇచ్చిన జవాబును చదువరాదు. మూలమనగా మూడింటి కలయిక: రాకపోకల పద్ధతి, యంత్రము పేరు, పోర్టు. ఈ మూడింటిలో నొక్కటి మారినను పరాయిదే.

కావున 3000వ పోర్టుమీది ఫ్రంటెండునకు, అదే యంత్రమున 8000వ పోర్టుమీద నున్న బ్యాకెండు పరాయిది! ఒకే కచేరీవారు ఒకరినొకరు పలుకరించుకొనుటకు పాసు అడిగినట్లు. ఆ పాసునే కార్స్ అందురు. వెబ్బు ప్రమాణములను కూర్చు సంఘము దీనిని 2014 జనవరిలో సిఫారసుగా ప్రకటించినది. సర్వరు తన జవాబుతోపాటు "ఈ మూలమువారు దీనిని చదువవచ్చును" అని ఒక శీర్షికను పంపవలెను. అది లేనిచో జవాబు వచ్చినను బ్రౌజరు దానిని పుటకు అందనీయదు.

ఇందులో రెండు చిక్కులు కలవు. ముఖ్యమైన కోరికలకు ముందు బ్రౌజరు ఒక దూతను పంపి, "ఇట్టి కోరిక తేవచ్చునా?" అని విచారించును. ఆ దూత చేత కుకీ గాని, మరియే గుర్తింపు గాని ఉండదు. బ్యాకెండువారు ద్వారమున కాపలా పెట్టి, గుర్తింపు లేనివారి నందరిని 401 అను సంఖ్యతో త్రిప్పి పంపునట్లు ఏర్పాటు చేసియుందురు. దూత తిరిగివచ్చును, అసలు కోరిక బయలుదేరనే బయలుదేరదు. దూతను మాత్రము విచారణ లేక పలుకరించి పంపవలెనని తెలియక దినములు గడపినవారున్నారు.

రెండవ చిక్కు దీనికన్న సూక్ష్మమైనది. ఈ కాపలా సర్వరు గుమ్మమున లేదు. పౌరుని బ్రౌజరులో నున్నది. అది కాపాడునది పౌరుని, సర్వరును కాదు. అందుచేతనే నిర్మాత బ్రౌజరుతో పనిలేని పరీక్షా సాధనముతో సర్వరును అడిగినచో జవాబు నిక్షేపముగా వచ్చును. బ్రౌజరుతో అడిగిన రాదు. పైగా కొన్ని సామాన్య రూపపు కోరికలకు దూత వెళ్ళడు. కోరిక నేరుగా సర్వరును చేరును, పని జరిగిపోవును, జవాబు మాత్రము ద్వారముకడ నిలిచిపోవును. తెరపై దోషము కనిపించినంత మాత్రమున లోపల ఏమియు జరుగలేదనుకొనుట పెద్ద భ్రమ.

విసిగిన నిర్మాత చేయు వైద్యము నక్షత్రపు గుర్తు. అనుమతి శీర్షికలో ఆ గుర్తు వ్రాసిన "ఎవరైనను రావచ్చును" అని యర్థము. బహిరంగముగ నుండదగిన సమాచారమునకు అది తప్పుకాదు. కుకీలతో వచ్చు కోరికల విషయమున బ్రౌజరు నక్షత్రమును అంగీకరింపదు. అప్పుడు కొందరు మరియొక ఉపాయము పన్నుదురు: ఎవరు వచ్చిన వారి పేరునే అనుమతి పత్రముపై వ్రాసి యిచ్చునట్లు సర్వరును దిద్దుదురు. బ్రౌజరు ఊరకుండును, పని నడచును, నిర్మాత ఇంటికి పోవును. పైన చెప్పిన దుష్టునికి తలుపు తీయబడినది. గుమ్మముకడ బంట్రోతు వచ్చినవానినే పేరడిగి పాసు వ్రాసి యిచ్చుచున్నచో ఆ కచేరీకి గుమ్మమెందుకు? అనుమతింపదగిన మూలముల పట్టిక నొకటి వ్రాసియుంచుటకు పది నిమిషములు చాలును. సాధ్యమైనచో రెండింటిని ఒకే పేరు క్రింద, ఒకే ద్వారమున నిలిపి, లోపల దారులు చీల్చుట అంతకన్న ఉత్తమము. అప్పుడు ఈ అనుమతి ప్రసక్తియే రాదు.

ఈ కుకీల మర్యాదలు కాలక్రమమున మారుచుండును కూడ. 2020 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ బ్రౌజరు 80వ కూర్పు మొదలుకొని, ప్రత్యేకముగా చెప్పనిచో కుకీని పరాయి వెబ్‌సైటు పుటనుండి పోవు చాటు కోరికలతో పంపకుండుట మొదలైనది. ఆనాడు, ఎవరును ఏమియు మార్చకయే, అంతవరకు చక్కగా నడచుచున్న కొన్ని ప్రవేశ ద్వారములు పనిచేయకపోయినవి.

ముంగిలికి, లోగదికి నడుమ తరచుగా ప్రాక్సీ అను మధ్యవర్తి యుండును. మధ్యవర్తికి తన నియమములు తనకుండును. విరివిగా వాడుకలో నున్న ఎంజినెక్స్ అను మధ్యవర్తి, వేరుగా చెప్పనిచో, ఒక మెగాబైటును మించిన మూటను లోనికి పోనీయక 413 అను సంఖ్యతో త్రిప్పి పంపును. పౌరుడు తన ధ్రువపత్రమును ఫోనుతో ఫొటో తీసి జతపరచినచో అది తేలికగా మూడు, నాలుగు మెగాబైట్లుండును. త్రిప్పి పంపునప్పుడు మధ్యవర్తి అనుమతి శీర్షికను చేర్చడు గనుక బ్రౌజరు దానిని అనుమతి దోషముగా ప్రకటించును! నిర్మాత అనుమతుల పట్టికను తిరుగవేయుచు కూర్చుండును. అసలు దోషము ఫొటో బరువులో నున్నది. తెర చెప్పిన కారణమును వెంటనే నమ్మక, దారిలోని ప్రతి మజిలీలో వ్రాయబడు చిట్టాను చూచువాడే త్వరగా బయటపడును.

ఆ మధ్యవర్తి సర్వరు జవాబుకొరకు 60 సెకండ్లు వేచియుండి, రానిచో 504 అని చెప్పివేయును. ఇక్కడనే మొదట చెప్పిన గృహస్థుని సందేహము మరల ఎదురగును. 504 అనగా పని జరుగలేదని కాదు. జవాబు రాలేదని మాత్రమే. సర్వరు 61వ సెకండున ఆ పనిని ముగించి, రుసుము స్వీకరించి యుండవచ్చును.

ఈ సమస్యకు మూలము మనుష్యుల అజాగ్రత్త కాదు. 1975లో అక్కొయున్లు, ఏకనాథం, హ్యూబర్ అను మువ్వురు తమ పత్రమున దీని స్వరూపమును చూపినారు. (ఏకనాథమను పేరు ఈ సభవారి చెవికి పరిచితముగనే తోచును.) తరువాత 1978లో జిమ్ గ్రే దీనిని ఇద్దరు సేనానుల కథగా ప్రసిద్ధము చేసినారు. రెండు కొండలపై రెండు సేనలు. నడుమ లోయలో శత్రువు. ఇద్దరును ఒకేసారి దాడి చేసిననే గెలుపు. మొదటివాడు దూతను పంపును; దూత చేరెనో పట్టుబడెనో తెలియదు. రెండవవాడు చేరినదని మరల దూతను పంపును. ఆ దూత చేరెనో లేదో వానికి తెలియదు. రసీదునకు రసీదు, దానికి మరియొక రసీదు, ఎన్ని పంపినను కడపటి దూత సంగతి కడపట పంపినవానికి తెలియదు. నమ్మరాని దారిలో ఇద్దరికిని సంపూర్ణ నిశ్చయము కలుగుట అసాధ్యమని నిరూపితమైనది.

నిశ్చయము దొరకనిచో చేయవలసినదేమి? దీనికి జవాబు కచేరీలలో ఎప్పటినుండియో కలదు. ఒకే అర్జీ టపాలో నొకటి, చేతికి నొకటి, మంత్రిగారి పేషీ ద్వారా మరియొకటి, మూడు మార్గముల వచ్చుట సెక్షనులలో పనిచేసినవారెరుగనిది కాదు. అనుభవశాలియైన అసిస్టెంటు మూడు ఫైళ్ళు తెరువడు. వెనుకటి డైరీ సంఖ్యను చూచి మూడింటిని ఒకే ఫైలున చేర్చును. వెబ్బులోను అదే ఉపాయము. మీట నొక్కక మునుపే ఫ్రంటెండు ఆ దరఖాస్తునకు మరెవ్వరికిని రాని పొడవైన సంఖ్య నొకటి కల్పించి జతపరచవలెను. జవాబు రాక మరల పంపవలసినచో అదే సంఖ్యతో పంపవలెను. కొత్త సంఖ్యతో కాదు. సర్వరు ఆ సంఖ్యను తన రికార్డులో వ్రాసికొని, రెండవమారు కనిపించినప్పుడు పని మరల చేయక, మొదట నిచ్చిన జవాబునే ఇచ్చును. రెండు ప్రతులు ఒకే క్షణమున వచ్చిపడవచ్చును గనుక, ఒక సంఖ్య రెండుమారులు వ్రాయబడరాదను నిర్బంధము డేటాబేసులోనే ఉండవలెను. ఒకమారు నొక్కిన పిదప మీటను నిద్రపుచ్చుట కంటికి ఇంపుగా నుండును. పుటను మరల తెరచువానిని అది ఆపలేదు. ఈ చిన్న ఏర్పాటు ఉన్నచో గృహస్థు నిర్భయముగా ఎన్నిమార్లైనను నొక్కవచ్చును.

దీనికి విరుద్ధమైన దోషము మరియొకటి కలదు. సర్వరు లోపల విఫలమైనను, జవాబు కవరుపై 200, అనగా క్షేమము, అని వ్రాసి లోపల ఉత్తరములో మాత్రము దుర్వార్త వ్రాయును. ఫ్రంటెండు కవరు చూచి "విజయవంతముగా సమర్పింపబడినది" అని ప్రకటించును. 504 కన్న ఇది హానికరము. ఏలయన పౌరుడు నిశ్చింతగా నిద్రపోవును.

దారి బాగుండి, అనుమతులు సరిపడి, జవాబు సకాలమున వచ్చినను, పంపిన మాటకు అటువారును ఇటువారును ఒకే యర్థము చెప్పుకొనవలెను గదా. ఈ విషయమున తెలుగువారికి ప్రత్యేకముగా సంబంధించినది అక్షరముల లెక్క. యూనికోడు అను సర్వలిపి పట్టికలో తెలుగునకు 128 గడుల భాగము కలదు. యూటీఎఫ్ 8 అను పద్ధతిలో, 1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ కూర్చినది అది, ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగున ప్రతి హల్లు, అచ్చు, గుణింతపు గుర్తు, పొల్లు విడివిడిగా మూడేసి బైట్లు తీసికొనును. సూర్యనారాయణమూర్తి అను పేరులో అట్టివి 17 కలవు. వెరసి 51 బైట్లు. ఇంగ్లీషున వ్రాసిన 19 చాలును. డేటాబేసులో పేరునకు 50 బైట్ల గడి యుంచిన సర్వరు ఆ పేరును తిరస్కరించును, లేదా చివర కత్తిరించి సూర్యనారాయణమూర్త అని మిగిల్చును. ఫ్రంటెండు మాత్రము 50 అక్షరముల వరకు వ్రాయవచ్చునని పౌరునకు మాట యిచ్చియే యుండును. ఇద్దరును 50 అనియే అనుకొన్నారు; ఒకరు అక్షరములు లెక్కించినారు, ఒకరు బైట్లు.

తేదీల సంగతి ఇంతకన్న గంభీరమైనది. భారత కాలము గ్రీనిచ్ కాలముకన్న 5 గంటల 30 నిమిషములు ముందున్నది. ఉద్యోగి తన జన్మదినమును జూలై 2 అని నింపును. ఫ్రంటెండు దానిని ఆనాటి అర్ధరాత్రి 12 గంటలుగా భావించి, గ్రీనిచ్ కాలమునకు మార్చి పంపును. అక్కడ అది జూలై 1, సాయంకాలము 6 గంటల 30 నిమిషములు. బ్యాకెండు గంటలను విడిచి తేదీని మాత్రము వ్రాసికొనును: జూలై 1. ఒక్క దినమే గదా యని తోచవచ్చును. కాని ఫండమెంటల్ రూల్సు 56వ నిబంధన ప్రకారము, 60 ఏండ్లు నిండిన నెల కడపటి దినమున ఉద్యోగి విరమింపవలెను. నెల మొదటి తేదీన పుట్టినవాడు మాత్రము అంతకు ముందటి నెల కడపటి దినముననే విరమించును. జూలై 2న పుట్టినవాని విరమణ జూలై 31. జూలై 1న పుట్టినవానిది జూన్ 30. అర్ధరాత్రిని లండనుకు పంపినందున ఒక నెల సర్వీసు, ఒక నెల జీతము పట్టికనుండి జారిపోవును. నిర్మాత గ్రీనిచ్ కాలమునకు చెందిన యంత్రముపై పరీక్షించినచో ఈ దోషము కనిపించనే కనిపించదు.

జన్మదినము గంట లేని తేదీ. దానిని సంవత్సరము, నెల, దినము అను మూడు అంకెలుగనే పంపి, మూడు అంకెలుగనే వ్రాసికొనవలెనని ఉభయులును ముందుగా ఒప్పుకొన్నచో ఈ చిక్కు రాదు. ఈలోపల, వివరములు కంప్యూటరులోనికి ఎక్కించిన తరువాత వచ్చు అచ్చుకాగితమును సర్వీసు పుస్తకముతో ఒకమారు సరిచూచుకొనుట మంచిది. 2వ తేదీన పుట్టినవారు తప్పక చూడవలెను.